గడప దాకా వచ్చిన కోర్టు కాగితం: ఇంట్లో ఎవరు తీసుకున్నా అది అమానతే

కోర్టు మనిషి వీధిలోకి వచ్చాడని తెలియగానే మన ఇళ్లల్లో చాలాసార్లు జరిగేది ఒకటే. మగవాళ్లు పక్కకు తప్పుకుంటారు. అమ్మీయో, కోడలో తలుపు సందులోంచి "ఇంట్లో ఎవరూ లేరు, మాకేం తెలీదు" అని చెప్పి పంపించేస్తారు. కాగితం తీసుకోకపోతే కేసు మన మీద పడదని, సంతకం పెడితే తప్పు ఒప్పుకున్నట్టేనని ఒక నమ్మకం పాతుకుపోయింది. హైదరాబాద్ పాతబస్తీలోనూ అదే మాట, కడప, కర్నూలు, నిజామాబాద్‌లలోనూ అదే మాట.

ఈ నమ్మకం ఏనాడూ నిజం కాదు. 2024 జూలై 1 తర్వాత దీనితో వచ్చే నష్టం ఇంకా పెరిగింది. ఆ రోజు పాత నేర విచారణ చట్టం పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. కొత్త చట్టం మీద జరిగిన చర్చంతా పోలీసు కస్టడీ, బెయిలు, రిమాండు చుట్టూనే తిరిగింది. ఇంటి గడపకు సంబంధించిన ఒక చిన్న మార్పు ఎవరి కంటా పడలేదు. ఆ మార్పు ఎక్కువగా తగిలేది మగవాళ్లు బయట దేశాల్లో, ఆడవాళ్లు ఇంట్లో ఉండే కుటుంబాలకే. అంటే మనకే.

తీసేసిన ఒక్క మాట

1973 నాటి నేర విచారణ చట్టం 64వ సెక్షన్ ఇలా ఉండేది: సమన్లు అందుకోవాల్సిన మనిషి ఎంత వెతికినా దొరకకపోతే, అతనితో కలిసి ఉంటున్న కుటుంబంలోని వయసొచ్చిన "మగ" మనిషికి ఆ కాగితం ఇవ్వొచ్చు. ఆడమనిషికి ఇస్తే చెల్లదు. కొత్త చట్టం 66వ సెక్షన్‌లో ఆ "మగ" అన్న మాట తీసేశారు. ఇప్పుడు తల్లి, భార్య, పెళ్లికాని పెద్ద కూతురు, ఎవరు తీసుకున్నా చెల్లుతుంది.

ఆస్తి దావాల్లాంటి సివిల్ కేసుల్లో ఈ తేడా 1976లోనే పోయింది. ఆ ఏడాది సివిల్ ప్రొసీజర్ కోడ్‌ను సవరించి, ఆడ అయినా మగ అయినా వయసొచ్చిన కుటుంబ సభ్యులకు సమన్లు ఇవ్వొచ్చని రాశారు. ఆ తర్వాత దాదాపు అర్ధ శతాబ్దం పాటు ఒకే ఇంట్లో ఒకే తల్లి ఆస్తి కేసు కాగితం తీసుకోవచ్చు గానీ, మేజిస్ట్రేట్ కోర్టు కాగితం తీసుకోవడానికి పనికిరాదన్న వింత నడిచింది. ఇది మహిళలను తక్కువ చేయడమేనని 2022లో సుప్రీంకోర్టులో పిటిషన్ కూడా పడింది.

ఆ పాత నియమం మన ఆడపిల్లలను మరో రకంగానూ దెబ్బతీసింది. భరణం కోసం భార్య వేసే కేసు నడిచేది ఈ నేర విచారణ చట్టం కిందే. పాత చట్టంలో 125వ సెక్షన్, కొత్త చట్టంలో 144. భర్త దొరకడు, అత్తగారింట్లో అత్త, ఆడపడుచులు తప్ప మగ దిక్కు లేదు అనుకోండి. కాగితం ఇవ్వడానికి మనిషే ఉండడు. వాయిదా మీద వాయిదా పడుతుంది. పిల్లల ఫీజులు, ఇంటి అద్దె మాత్రం వాయిదా పడవు. ఇప్పుడా సాకు పోయింది. అది మంచిదే. కానీ అదే మార్పు వల్ల, ఏ కాగితం మీద సంతకం పెడుతున్నదీ తెలియని అత్తగారి భుజం మీద కూడా ఒక చట్టబద్ధమైన బాధ్యత వచ్చి కూర్చుంది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఎవరికి ఇస్తే చెల్లుతుంది

కుటుంబంలో ఎవరి చేతిలో పెట్టినా సరిపోతుందని అనుకోవద్దు. సమన్లు వీలైనంత వరకు ఆ మనిషికే నేరుగా ఇవ్వాలి. అది మొదటి నియమం. సివిల్ కేసుల్లో ఐదో ఆర్డర్ 15వ రూల్ ప్రకారం ఆ మనిషి ఇంట్లో లేకపోవాలి, తగినంత సమయంలో దొరికే అవకాశం కూడా ఉండకూడదు, అతని తరఫున తీసుకునే అధికారం ఉన్న ఏజెంటు ఉండకూడదు. అప్పుడే కుటుంబ సభ్యులకు ఇవ్వాలి. తీసుకునేవాళ్లు మేజర్ అయి ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ మనిషితో కలిసి అదే ఇంట్లో ఉంటున్నవాళ్లై ఉండాలి.

పనిమనిషి కుటుంబ సభ్యురాలు కాదని చట్టమే వివరణ ఇచ్చింది. పక్కింటివాళ్లు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, కింది పోర్షన్‌లో అద్దెకున్నవాళ్లు ఎవరూ ఈ లెక్కలోకి రారు. పెళ్లయి వేరే ఊళ్లో కాపురం ఉంటున్న కూతురి పేరున వచ్చిన సమన్లు పుట్టింట్లో అన్న చేతికిస్తే, అది ఆమెకు అందినట్టు కాదు. "కలిసి ఉంటున్న" అన్న ఆ రెండు మాటల్లోనే ఎంతోమంది ఆడపడుచుల హక్కు దాగి ఉంది.

మరి దుబాయ్‌లో పదేళ్లుగా ఉద్యోగం చేస్తూ రెండేళ్లకోసారి సెలవుకు వచ్చే కొడుకు సంగతేంటి? అతను అమ్మతో "కలిసి ఉంటున్నట్టా", కాదా? ఇది ఆ కేసులోని వాస్తవాలను బట్టి కోర్టు తేల్చే విషయం. ప్రతివాది విదేశంలో ఉంటే అక్కడి చిరునామాకు సమన్లు పంపడానికి చట్టంలో వేరే దారి ఉంది. కాబట్టి అమ్మీ చేయగల మంచి పని, ఉన్నది ఉన్నట్టు చెప్పడం. "వాడు దుబాయ్‌లో ఉంటాడు, ఇదిగో అక్కడి అడ్రసు" అని చెబితే కోర్టు మనిషి ఆ మాటే రిపోర్టులో రాసుకుంటాడు. ఆ రిపోర్టు రేపు కొడుక్కే అక్కరకొస్తుంది. "ఇప్పుడే బయటికెళ్లాడు, సాయంత్రం వస్తాడు" అని అబద్ధం చెబితే, అతను ఈ ఇంట్లోనే ఉంటున్నాడని స్వయంగా తల్లే చెప్పినట్టు రికార్డులోకి ఎక్కుతుంది.

తిప్పి పంపితే ఏమవుతుంది

తీసుకోనని మొండికేస్తే కోర్టు మనిషి కాగితాన్ని ఇంటి తలుపుకో, బయటికి కనిపించే గోడకో అతికించి వెళ్తాడు. ఎప్పుడు వచ్చాడు, ఎవరు ఏమన్నారు, ఇల్లు ఎవరు చూపించారు, ఎవరి ముందు అతికించాడు, అన్నీ రాసి కోర్టుకు ఇస్తాడు. ఈ-కోర్టుల విధానంలో ప్రాసెస్ సర్వర్లకు మొబైల్ యాప్ ఇచ్చారు. ఎక్కడికి వెళ్లాడన్న లొకేషన్ కూడా అందులో నమోదవుతుంది. "అసలు ఎవరూ రాలేదు" అనే మాట ఇప్పుడు అంత సులువుగా నిలబడదు.

పోస్టులో వచ్చినా అంతే. సరైన చిరునామాకు రిజిస్టర్ చేసి పంపిన కాగితం అందినట్టేనని జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ భావిస్తుంది. పోస్ట్‌మ్యాన్ కవరు మీద "తీసుకోవడానికి నిరాకరించారు" అని రాస్తే, మీరు చదివి పక్కన పెట్టినా, చదవకుండా తిప్పి పంపినా కోర్టు దృష్టిలో ఒకటే. కాదు, అందలేదు అని నిరూపించుకోవాల్సిన బరువు మీ మీదికొస్తుంది. చెక్ బౌన్స్ కేసుల్లో 2007లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. నోటీసు రాలేదనేవాళ్లు కోర్టు సమన్లు అందిన 15 రోజుల్లో డబ్బు కట్టి బయటపడొచ్చు, అలా కట్టకుండా నోటీసు అందలేదన్న వాదన మాత్రమే పట్టుకుని కూర్చుంటే కుదరదని తేల్చింది.

మనిషి కావాలనే తప్పించుకుంటున్నాడని కోర్టుకు అనిపిస్తే పేపర్లో ప్రకటన వేయిస్తుంది. అతను చివరిసారి నివసించిన ప్రాంతంలో అందుబాటులో ఉండే దినపత్రికలో వేస్తే చాలు. అక్కడితో సమన్లు అందినట్టే లెక్క. నలుగురికీ తెలియకూడదని తలుపేసుకున్న ఇంటి గొడవ ఊరంతా చదివే పేపర్లోకి ఎక్కుతుంది.

ఆ తర్వాత గడియారం నడుస్తుంది. సివిల్ దావాలో సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు దావా వేయాలి. కోర్టు కారణాలు రాసి 90 రోజుల దాకా గడువు ఇవ్వొచ్చు. ఎవరూ హాజరుకాకపోతే ఎక్స్‌పార్టీ, అంటే అవతలి పక్షం చెప్పిందే విని తీర్పు ఇచ్చేస్తారు.

భరణం కేసుల్లో నష్టం మరీ నేరుగా తగులుతుంది. కావాలనే సమన్లు తప్పించుకుంటున్నాడని మేజిస్ట్రేట్ నమ్మితే భర్త లేకుండానే విచారించి ఉత్తర్వు ఇవ్వొచ్చు. దాన్ని రద్దు చేయమని అడగడానికి ఉన్న గడువు మూడు నెలలు. 2020 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం భరణం లెక్క మొదలయ్యేది భార్య దరఖాస్తు వేసిన తేదీ నుంచి. అంటే భర్త రెండేళ్లు తప్పించుకు తిరిగితే, ఆ రెండేళ్ల బాకీ కూడా నెత్తిన పడుతుంది. కట్టకపోతే వారెంటు, ఒక్కో నెల బాకీకి నెల దాకా జైలు. విడాకులైన ముస్లిం మహిళకు ఈ సెక్షన్ వర్తించదనుకునేవాళ్లకు 2024 జూలై 10న సుప్రీంకోర్టు సమాధానం చెప్పేసింది. ఆ కేసు మన తెలంగాణ నుంచి వెళ్లిందే.

గల్ఫ్‌కు వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది మరొకటుంది. ఒక మనిషి హాజరు కోసం కోర్టు సమన్లు గానీ, వారెంటు గానీ జారీ చేసిందని తెలిస్తే, అతని పాస్‌పోర్టును స్వాధీనం చేసుకునే అధికారం పాస్‌పోర్టుల చట్టం 10వ సెక్షన్ అధికారులకు ఇచ్చింది. ఇంటి దగ్గర తలుపేసుకుని కాపాడామనుకున్న కొడుకు, ఎయిర్‌పోర్టులోనో, పాస్‌పోర్టు రెన్యువల్ దగ్గరో ఇరుక్కునే ప్రమాదం ఉంది.

ఒకరి పేరున వచ్చింది, ఇంకొకరు దాచారు

ఇంతదాకా చెప్పుకున్నది తీసుకోకపోతే వచ్చే నష్టం. తీసుకుని చెప్పకపోతే వచ్చేది ఇంకా పెద్ద నష్టం. ఉదాహరణకు ఇలాంటి కుటుంబాన్ని అనుకుందాం. అబ్బా ఇంతకాలమయ్యారు. ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. కూతుళ్లు అత్తగారిళ్లలో ఉన్నారు. అబ్బా పేరున ఉన్న స్థలం మీద ఎవరో దావా వేశారు, వారసులందరినీ ప్రతివాదులను చేశారు. అందరి చిరునామా అబ్బా పాత ఇల్లే. ఐదు సెట్ల సమన్లు ఆ గడపకే వస్తాయి. పెద్ద భాయ్ అందరి తరఫునా సంతకం పెట్టి తీసుకుంటాడు. "ఆపాలను ఎందుకు కోర్టుల చుట్టూ తిప్పడం, నేను చూసుకుంటా" అంటాడు.

అతని మనసులో మంచే ఉండొచ్చు. ఉండకపోవచ్చు కూడా. అవతలి పక్షంతో తానొక్కడే రాజీ పడొచ్చు. చెల్లెళ్లు రాలేదు కాబట్టి వాళ్ల మీద ఎక్స్‌పార్టీ అయిపోతుంది. కొడుకు వాటాలో సగం కూతురికి ఉంటుందని దీన్ చెబుతున్నా, ఆ వాటా అడగడానికే మొహమాటపడే ఇళ్లు మనవి. అలాంటిది ఒక కేసు నడిచిందని, తీర్పు కూడా వచ్చేసిందని ఆ అమ్మాయిలకు ఏళ్ల తర్వాత ఎవరో ఈసీ తీయించినప్పుడు తెలుస్తుంది.

దీనికి చట్టంలో దారి ఉంది. తొమ్మిదో ఆర్డర్ 13వ రూల్ కింద ఎక్స్‌పార్టీ డిక్రీని రద్దు చేయమని అడగొచ్చు. సమన్లు సరిగా అందనప్పుడు గడువు డిక్రీ తేదీ నుంచి కాకుండా, డిక్రీ సంగతి తెలిసిన తేదీ నుంచి 30 రోజులు. కాబట్టి తెలిసిన రోజునే కదలాలి, "పండగ అయ్యాక చూద్దాం" అనుకోకూడదు. అయితే ఒక మెలిక కూడా ఉంది. సమన్లు ఇచ్చిన పద్ధతిలో లోపం ఉన్నా, కేసు వాయిదా తేదీ మీకు ముందే తెలుసని, వచ్చి జవాబు చెప్పుకునే సమయం కూడా ఉందని కోర్టు నమ్మితే ఆ లోపం ఒక్కటే చూపించి డిక్రీని తీసేయరు. ఫ్యామిలీ గ్రూపులో కేసు గురించి అన్న పెట్టిన ఒక్క వాయిస్ మెసేజ్ కూడా అక్కడ సాక్ష్యం కావచ్చు.

భర్త జాడ తెలియనప్పుడు చట్టం ఎవరిని అడుగుతుంది

ఇంటివాళ్లకు నోటీసు ఇవ్వడమనే సంగతి మన సొంత చట్టంలోనే చాలా స్పష్టంగా ఉంది. 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం ప్రకారం, భర్త నాలుగేళ్లుగా ఎక్కడున్నాడో తెలియకపోతే భార్య విడాకులు కోరవచ్చు. అలా కోరినప్పుడు 3వ సెక్షన్ ఒక షరతు పెట్టింది. భర్త ఈ రోజు చనిపోయాడనుకుంటే అతనికి ఎవరు వారసులవుతారో, వాళ్లందరి పేర్లు, చిరునామాలు పిటిషన్‌లో రాయాలి. వాళ్లకు నోటీసులు పంపాలి. కోర్టులో మాట్లాడే హక్కు వాళ్లకు ఉంటుంది. భర్త చాచా, అన్నదమ్ములు వారసులు కాకపోయినా సరే, వాళ్లను కూడా కేసులో చేర్చాలి.

ఎందుకు? జాడ తెలిస్తే ముందు తెలిసేది వాళ్లకే కాబట్టి. డిక్రీ వచ్చాక కూడా ఆరు నెలల దాకా అది అమల్లోకి రాదు. ఆలోగా భర్త స్వయంగా గానీ, అధికారం ఉన్న ఏజెంటు ద్వారా గానీ వచ్చి, కాపురం బాధ్యతలు నెరవేరుస్తానని కోర్టును ఒప్పిస్తే డిక్రీ రద్దవుతుంది.

ఈ నోటీసు అందుకున్న అన్నదమ్ములు, చాచాలు చాలాసార్లు దీన్ని తమ మీద వేసిన కేసుగా భావించి కోపం తెచ్చుకుంటారు. అది కేసు కాదు, షహాదత్ కోసం పిలుపు. అతను రియాద్‌లో ఉన్నాడనో, నెలనెలా తల్లికి డబ్బు పంపుతున్నాడనో తెలిసి కూడా నోరు విప్పకపోతే, ఒక ఆడపిల్ల జీవితంతో ఆడుకున్నట్టే. తెలిసిన సాక్ష్యాన్ని దాచకూడదని మసీదులో వింటాం. ఆ మాట పరీక్షకు వచ్చేది ఇలాంటి రోజుల్లోనే.

ఖులా విషయంలోనూ ఇదే ఆలస్యం ఆయుధమైంది. నోటీసు తీసుకోకుండా, ఒప్పుకోకుండా ఉంటే భార్య అలాగే వేలాడుతూ ఉంటుందని కొందరి లెక్క. ఖులా కోరడం భార్యకున్న తిరుగులేని హక్కని, దానికి భర్త అంగీకారం తప్పనిసరి కాదని తెలంగాణ హైకోర్టు 2025 జూన్‌లో తీర్పు చెప్పింది. ముఫ్తీ పాత్ర సలహా వరకేనని కూడా అంది. తలుపేసుకోవడం వల్ల అక్కడ కూడా ఒరిగేదేమీ లేదు.

సముద్రం అవతలికి వెళ్లే కాగితం

మన జిల్లాల్లో ఈ సమస్య సగం గల్ఫ్‌తోనే ముడిపడి ఉంది. నిజామాబాద్, జగిత్యాల వైపు మగవాళ్లు వెళ్తారు. కడప, రాయచోటి వైపు నుంచి ఆడవాళ్లు కూడా కువైట్‌కు ఇంటిపనులకు వెళ్తారు. అందువల్ల కొన్ని కేసుల్లో కాగితం అందాల్సింది భార్యకు, ఇంట్లో ఉన్నది భర్త. అతనే వాది అయినప్పుడు తన ఇంటి చిరునామాకే భార్య పేరున సమన్లు పంపించుకుని తన వాళ్ల చేతే సంతకం పెట్టిస్తే, ఆమెకు న్యాయం జరిగినట్టా? విదేశంలో పనిచేసే ప్రతి చెల్లెలూ తన అక్కడి చిరునామా, ఫోన్ నంబరు పుట్టింట్లో నమ్మకమైన ఒకరి దగ్గర రాయించి ఉంచాలి.

యూఏఈతో మనకు 1999లో కుదిరిన న్యాయ సహకార ఒప్పందం ఉంది. సివిల్ కేసుల సమన్లు ఆ దారిలో రెండు ప్రభుత్వాల ద్వారా వెళ్తాయి. అమెరికా, బ్రిటన్ లాంటి దేశాలకు హేగ్ ఒప్పందం దారి. అందులో మన దేశం 2006లో చేరింది. ఏ దారైనా నెలలు పడుతుంది. 2020 జనవరిలో వచ్చిన నోటిఫికేషన్ వల్ల యూఏఈ సివిల్ కోర్టుల డిక్రీలను ఇక్కడి జిల్లా కోర్టులో అమలు చేయించుకునే వీలు కూడా కలిగింది. దుబాయ్‌లో అప్పు వదిలేసి వచ్చేస్తే అయిపోతుందన్న ధీమా ఇక పనికిరాదు.

అటు నుంచి ఇటు వచ్చే కాగితాలూ ఉంటాయి. అమెరికాలో ఉన్న అల్లుడు అక్కడి కోర్టులో విడాకులకు వేసి, ఇక్కడున్న అమ్మాయికి కాగితాలు పంపిస్తాడు. నేరుగా పోస్టులో ఇలా పంపే పద్ధతికి హేగ్ ఒప్పందం కింద భారత్ అభ్యంతరం తెలిపింది. ఒక తెలుగు దంపతుల కేసులో సుప్రీంకోర్టు 1991లోనే కీలకమైన మాట అంది. విదేశీ కోర్టు సమన్లు అందినంత మాత్రాన సరిపోదు, వెళ్లి వాదించుకునే స్థితి అవతలి మనిషికి నిజంగా ఉందా అన్నది చూడాలని. అది హిందూ దంపతుల కేసే అయినా, సహజ న్యాయం గురించి చెప్పిన ఆ మాట అందరికీ పనికొచ్చేదే. అలాగని ఆ కవరును బీరువాలో పడేయకండి. అందిన తేదీ రాసుకుని వెంటనే లాయరుకు చూపించండి.

ఏది కోర్టు కాగితం, ఏది కాదు

మన ఇళ్లకు నాలుగు రకాల కాగితాలు వస్తాయి. నాలుగింటినీ కలిపి "నోటీసు" అనేస్తాం, అక్కడే తికమక మొదలవుతుంది.

లాయరు పంపేది లీగల్ నోటీసు. అది కోర్టు ఉత్తర్వు కాదు గానీ కేసు రాబోతోందని చెప్పే హెచ్చరిక. జవాబు ఇవ్వడమే మంచిది. ఖాజీ గానీ, దారుల్ ఖజా గానీ పంపేది పిలుపు. సర్దుబాటుకు అది మంచి చోటే కావచ్చు, కానీ ఆ తీర్పులకు చట్టబద్ధమైన బలం లేదని 2014 జూలైలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అక్కడ మాట్లాడుకున్నాం కదా అని కోర్టు వాయిదా ఎగ్గొడితే నష్టపోతారు. ఇక ఒక్కసారిగా ముమ్మారు చెప్పిన తలాక్ కాగితం మీద వచ్చినా, ఫోన్‌లో వచ్చినా 2019 చట్టం ప్రకారం చెల్లదు.

మూడోది పోలీసు నోటీసు. హాజరు కమ్మని పోలీసులు నిందితుడికి ఇచ్చే నోటీసును వాట్సాప్‌లో పంపడం చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. సాక్షిగా పిలిచేటప్పుడు ఆడవాళ్లను, 15 ఏళ్ల లోపు పిల్లలను, 60 ఏళ్లు దాటిన మగవాళ్లను స్టేషన్‌కు రమ్మని బలవంతం చేయకూడదు. వాళ్లుండే చోటికే పోలీసులు రావాలి.

నాలుగోది అసలైన కోర్టు సమన్లు. దాని మీద కోర్టు పేరు, కేసు నంబరు, ఇరుపక్షాల పేర్లు, హాజరుకావాల్సిన తేదీ, కోర్టు ముద్ర, సంతకం ఉంటాయి. కొత్త చట్టం కింద కోర్టు సమన్లు ఎలక్ట్రానిక్ రూపంలోనూ రావొచ్చు, వాటి మీద కోర్టు ముద్ర బొమ్మ గానీ, డిజిటల్ సంతకం గానీ ఉండాలి. మేజిస్ట్రేట్ కోర్టు సమన్లను పోలీసు కానిస్టేబులే తెచ్చివ్వొచ్చు. ఖాకీ చూసి అరెస్టు అనుకుని బెదిరిపోనక్కర్లేదు. గృహహింస కేసుల్లో నోటీసు ప్రొటెక్షన్ ఆఫీసర్ ద్వారా వస్తుంది, అత్త, ఆడపడుచుల పేర్ల మీద కూడా రావొచ్చు.

ఈ తికమకనే దొంగలు వాడుకుంటున్నారు. "డిజిటల్ అరెస్టు" పేరుతో నకిలీ కోర్టు ఉత్తర్వులు ఫోన్‌కు పంపి వృద్ధుల జీవితకాలపు పొదుపు ఊడ్చేస్తున్నారు. 2025లో సుప్రీంకోర్టు తనంతట తానే ఈ విషయాన్ని చేపట్టి, సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది. గుర్తు ఒకటే చాలు. ఏ కోర్టూ వీడియో కాల్‌లో అరెస్టు చేయదు, సమన్లతో పాటు డబ్బు పంపమని అడగదు. అలా అడిగితే ఫోన్ పెట్టేసి 1930కి చేయండి.

తీసుకున్న మనిషి చేయాల్సింది

సంతకం పెట్టడమంటే తప్పు ఒప్పుకోవడం కాదు. కాగితం అందిందని చెప్పడమంతే. ఉర్దూ తప్ప రాకపోతే ఉర్దూలోనే సంతకం పెట్టండి. పెట్టే ముందు ఎవరి పేరున వచ్చిందో, ఏ తేదీకి రమ్మన్నారో చదివి చెప్పమనండి. ఆ మనిషి మీతో ఉండకపోతే, ఉండరని గట్టిగా చెప్పండి, వీలైతే కాగితం మీదే ఆ మాట రాయించండి. వేరే ఇంట్లో ఉంటున్న వాళ్ల తరఫున సంతకం పెట్టొద్దు, వాళ్లు సొంత తోబుట్టువులైనా సరే.

తీసుకుంటే ఆ రోజు తేదీ, సమయం పైన రాయండి. అన్ని పేజీలనూ ఫొటో తీసి అదే రోజు ఆ మనిషికి పంపండి. పంపిన మెసేజ్ తీసేయొద్దు. కేసు నంబరు గానీ, 16 అక్షరాలు, అంకెల సీఎన్ఆర్ నంబరు గానీ ఉంటే ఈ-కోర్ట్స్ యాప్‌లో కొట్టి చూడొచ్చు. కాగితం నిజమైనదో, నకిలీదో, తర్వాతి వాయిదా ఎప్పుడో అక్కడే తెలుస్తుంది. లాయరుకు డబ్బు లేదని ఆగిపోవద్దు. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 చట్టం ఇచ్చింది. జిల్లా కోర్టు ప్రాంగణంలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చూపిస్తారు.

ప్రభుత్వాలు చేయాల్సిందీ ఉంది. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా ప్రకటించారు. ఆ హోదా బోర్డుల మీద కనిపిస్తే సరిపోదు, గడప దగ్గర పనికిరావాలి. ఇంట్లో ఉన్న మహిళ చేతికి కాగితం ఇస్తే చాలని చట్టం మార్చినప్పుడు, ఆమెకు అర్థమయ్యే భాషలో నాలుగు వాక్యాలు ఆ కాగితం మీద ఉండడం న్యాయం. ఇది ఎవరి కేసు, ఎప్పుడు రావాలి, రాకపోతే ఏమవుతుంది, ఉచిత సాయం ఎక్కడ దొరుకుతుంది. తెలుగులో, ఉర్దూలో ఈ నాలుగు మాటలు అచ్చు వేయడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. హైకోర్టులు, న్యాయ సేవాధికార సంస్థలు తలుచుకుంటే చేయగలిగిన పనే.

అంతదాకా మన ఇంటి పని మనం చేసుకుందాం. పక్కింటివాళ్లు నమ్మి ఇచ్చిన నగను దాచుకుని వాడుకోం, పోగొట్టం, అడిగినప్పుడు లేదనం. ఇంకొకరి పేరున వచ్చిన కోర్టు కాగితం కూడా అలాంటి అమానతే. తేడా ఒక్కటే, నగకు గడువు ఉండదు, ఈ కాగితానికి ఉంటుంది. అందిన రోజునే దాన్ని హక్కుదారుకు చేర్చాలి.